నీలిమచ్చల ఫ్లైవీలు

మా తోడికోడలు నళిని రాయ్‌పూర్‌లోనే పుట్టింది. వాళ్ల నాన్న పలాస వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కోపం వస్తే నళిని హిందీలో తిడుతుంది, ఏడుపు వస్తే తెలుగులో ఏడుస్తుంది. మా మరిది చందుకి సిల్తారాలో ఇనుము ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. అతను పగలు పడుకుంటే గిన్నెల కింద గోనెపట్టా పరిచి చప్పుడు కాకుండా తోముతుంది. అదే మనిషి వీధిలోకి వెళ్తే గుఢియారీ మార్కెట్ మొత్తానికి వినపడేలా బేరమాడుతుంది.

మా ఆయన దుర్గారావు స్కూలు వ్యాను నడిపేవారు. పోయిన చలికాలంలో నిద్రలోనే వెళ్లిపోయారు. వ్యాను మాత్రం గుమ్మం ముందు అలాగే నిలబడింది. నేను దాని వైపు చూడకుండా ముగ్గు పెట్టుకునేదాన్ని. అమ్మేద్దామని చందు ఒక మనిషిని తీసుకొచ్చాడు. ఆ మనిషి టైర్లు తన్ని చూస్తుంటే నళిని లోపలికి వెళ్లి తాళంచెవి కొంగున ముడేసుకుని వచ్చింది.

"ఇది అమ్మీస్తే అక్క ఏటి చేస్తాది? నేను నడుపుతాను."

"నువ్వా? సైకిలు మీద వెళ్తే బెల్లు కొట్టడం మర్చిపోతావు" అని నవ్వాడు చందు.

"బెల్లెందుకు, నోరుంది కదా."

అంత పనీ చేసింది. నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది, బడులు తెరిచేసరికి పిల్లల్ని ఎక్కించుకుంది. ఆడమనిషి నడుపుతోందని కొందరు తల్లులు మొదట వెనకాడారు. తర్వాత వాళ్లే పక్కింటి వాళ్లకి చెప్పి పిల్లల్ని పంపించారు. నేను వాకిట్లో నిలబడి చూసేదాన్ని. ఎక్కేదాన్ని కాదు.

వానల నెలలో ఒకరోజు నళిని నడిచి ఇంటికొచ్చింది. నా పక్కన కూలబడి నా భుజం మీద తల పెట్టింది. ఆమె చీరలోంచి ఒక వాసన వచ్చింది, ఏదో కాలినట్టు. అది మా ఆయన చొక్కాల వాసన. ఎన్నేళ్లు ఉతికానో ఆ చొక్కాలు. ఆయన పోయాక ఆ వాసన మళ్లీ తగలడం అదే మొదలు. కాసేపు అలాగే ఉండిపోవాలనిపించింది.

"అక్కా, బండి ఖరాబ్ చేసీశాను" అని ఏడ్చింది. అండర్‌బ్రిడ్జి కింద నుంచి పైకెక్కే ఎత్తు మీద వ్యాను ఆగిపోయిందట. ఇంజను అరుస్తోంది గానీ చక్రం కదల్లేదట. పిల్లల్ని ఆటోల్లో ఎక్కించి పంపింది. వెనక హారన్లు, తిట్లు. ఒక పిల్లాడి తండ్రి బండి ఆపి మరీ అన్నాడట, దుర్గారావు భయ్యా ఉండగా ఈ వ్యాను ఒక్కరోజు కూడా ఇలా ఆగలేదని.

"ఆ మాట నిజమే కదా అక్కా. బావగారు అన్నేళ్లు నడిపితే ఏటీ అవలేదు. నేను ముట్టుకుంటే మాడిపోనాది. నావల్ల కాదు. అమ్మీసుకోండి."

తాళంచెవి నా ఒళ్లో పెట్టింది. వ్యాను బాగు చేసేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. నళిని మళ్లీ స్టీరింగు పట్టుకుంటుందో లేదో అన్నదే నా భయమంతా.

చందు ఆ సాయంత్రమే వ్యానుని ఐజాక్ షెడ్డుకి లాగించాడు. మర్నాడు ఇద్దరం అక్కడికి వెళ్లాం. ఐజాక్ వాళ్లది నర్సాపురం వైపు. మా ఆయనకి స్నేహితుడు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఇద్దరూ మా అరుగు మీదే టీ తాగేవారు. అతను గేరుబాక్సు దించి క్లచ్ ప్లేటు బయటకు తీశాడు. పట్టు అంతా అరిగిపోయి రివిట్లు తేలాయి.

"ప్లేటు సంగతి సరే, మారుద్దాం. దీని సంగతే చూడాలి వదినమ్మా" అని లోపల ఇంజనుకు బిగించి ఉన్న గుండ్రటి బరువైన ఇనప చక్రం విప్పి బల్ల మీద పెట్టాడు. "ఫ్లైవీలు. క్లచ్ ప్లేటు దీన్నే పట్టుకుని తిరుగుతుంది."

దాని ముఖం మీద అక్కడక్కడా నీలిమచ్చలు. నెమలి మెడ రంగు. చూడ్డానికి అందంగానే ఉన్నాయి.

"అవేటి?" అంది నళిని.

"వేడికి వచ్చినవి."

"నేనే చేశానా ఐజాకన్నా?"

ఐజాక్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. చేతులు శుభ్రమయ్యాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు.

"కొత్త చక్రం వద్దు అన్నా" అంది నళిని. "బావగారి బండిది, అదే ఉండనీ. లేత్ మీద పెట్టి నున్నగా తీయించు. ఆ తర్వాత అక్క ఎవరికి ఇచ్చుకుంటాదో ఆమె ఇష్టం."

నాకూ లోపల అదే ఉంది. ఆయన కాలి కింద అన్నేళ్లు తిరిగిన ఇనుము, ఉండనీ అని.

"మచ్చ పైపైనే ఉంటే ఒక పొర తీయిస్తే పోద్ది, కొత్తది అక్కర్లేదు" అన్నాడు ఐజాక్. "పగులుంటే మాత్రం తీయించకూడదు. పల్చబడ్డాక గబుక్కున విరిగితే ముక్కలు పైకి లేస్తాయి. ఈ బండికి ఇంజను సీటు కిందే ఉంది. సీట్లో పిల్లలుంటారు."

ముఖమంతా కిరసనాయిలు రాసి, కాసేపాగి తుడిచేశాడు. వ్యాను సీటు కింద దొరికిన సుద్దముక్కతో రుద్దాడు. తెల్లటి సుద్ద మీద తల వెంట్రుకల్లా గీతలు తేలాయి. పగుళ్లలో దిగిన నూనె బయటికి వస్తోంది. కొన్ని గీతల దగ్గర తుప్పు మరక కూడా ఉంది.

"ఇవి ఎప్పటివి ఐజాకూ?" అని నేనడిగాను.

అతను నా వైపు చూసి తల దించుకున్నాడు. చనిపోయినవాడు అతని స్నేహితుడు. అడిగేది ఆ స్నేహితుడి భార్య. తన నోటితో అతను చెప్పలేడని నాకు అర్థమైంది.

వ్యాను ముందు సీట్లు రెండింటి మధ్య హ్యాండ్‌బ్రేకు ఉంటుంది. దాని మీద ఒక బొంత పరిచి అందరికంటే చిన్నపిల్లని కూర్చోబెట్టేవారు మా ఆయన. పువ్వుల గుడ్డతో ఆ బొంత నాచేతే కుట్టించుకున్నారు. ఆ చోటు కోసం పిల్లలు కొట్టుకునేవారు. పిల్ల కూర్చుంటే బ్రేకు ఎలా లాగుతారు? అండర్‌బ్రిడ్జి ఎత్తు మీద బళ్లు ఆగినప్పుడల్లా ఈయన క్లచ్ సగం నొక్కి, ఆక్సిలరేటరు కొంచెం తొక్కుతూ బండిని వెనక్కి జారకుండా పట్టి ఉంచేవారు. అదో గొప్పగా మాకు చెప్పేవారు కూడా. అలా పట్టి ఉంచినంతసేపూ ప్లేటు ఆ చక్రానికి రాసుకుని మాడేదన్నమాట. నళినీ ఆయన పద్ధతే పట్టుకుంది, బొంత తీయలేదు, పిల్లని దించలేదు.

"నళినీ, నిన్న నీ చీరలో వచ్చిన వాసన మీ బావగారి చొక్కాల్లో ఎప్పుడూ వచ్చేది" అన్నాను. "అది ఆయన కష్టం వాసన అనుకునేదాన్ని. ఇది మాడిన వాసన. ఈ మచ్చలు ఆయనవే. నువ్వు స్టీరింగు పట్టేటప్పటికే ఉన్నాయి."

నళిని వంగి ఆ మచ్చల మీద వేలు పెట్టి చూసింది.

"అంతే కదా ఐజాకూ?" అన్నాను.

"అంతే వదినమ్మా" అన్నాడతను నెమ్మదిగా. "ఇదివరకు ఒకసారి నేనే దీన్ని లేత్ మీద పెట్టి ఒక పొర తీయించాను. అప్పుడే అన్నాను, గురూ, ఆ బొంత తీసెయ్ అని. పిల్లలు అలుగుతారన్నాడు."

"అనే ఉంటారు" అంటూ నళిని నవ్వబోయి ఏడ్చింది. "బావగారు కూడా మాడ్చారా!"

"మాడ్చాడు తల్లీ. నీకంటే చాలా ఓపిగ్గా మాడ్చాడు" అన్నాడు ఐజాక్.

ముగ్గురం నవ్వాం. ఆయన పోయాక ఆయన గురించి నవ్వడం నాకు అదే మొదటిసారి. ఆ బరువు చక్రం మీద ఒకసారి అరచేయి ఆన్చాను. చల్లగా ఉంది.

"కొత్తది వెయ్యి ఐజాకూ. దీన్ని పాత ఇనుములో పడెయ్" అన్నాను. తాళంచెవి మళ్లీ నళిని కొంగున నేనే ముడేశాను. ఆమె విప్పలేదు.

వ్యాను తయారయ్యాక సీట్ల మధ్య నుంచి బొంత తీసేశాను. మొదటి రోజు నేనూ ఎక్కాను, చిన్నపిల్లని ఒళ్లో పెట్టుకుని. ఆ పిల్లకి కోపం. "ఆంటీ, మేరీ గద్దీ కిధర్ హై?" అని తన బొంత సీటు కోసం దారంతా సణుగుతూనే ఉంది.

"తేరీ గద్దీ రిటైర్ హో గయీ" అంది నళిని.

అండర్‌బ్రిడ్జి ఎత్తు మీద ముందున్న లారీ ఆగింది. వెనక హారన్లు మొదలయ్యాయి. నళిని హ్యాండ్‌బ్రేకు కర్రుమని పైకి లాగి, గేరు తీసి, రెండు కాళ్లూ ఊరికే పెట్టుకుంది. వ్యాను అంగుళం జారలేదు. నేను ముక్కు ఎగబీల్చి చూశాను. వాన తడి, పిల్లల టిఫిను డబ్బాల్లోని ఆవకాయ, అంతే.

లారీ కదిలింది. వెనకవాడు ఇంకా హారన్ కొడుతూనే ఉన్నాడు. నళిని కిటికీలోంచి తల బయటికి పెట్టి గుఢియారీ మార్కెట్ గొంతుతో అరిచింది.

"వస్తన్నాం ఆగవయ్యా! బచ్చే హై గాడీ మే!"

బ్రేకు దించి ఎత్తు ఎక్కించింది.