పాదాలకు పట్టని నిద్ర

నేను అడిగిన మాటకు ఇప్పటిదాకా ఒక్కరూ బదులివ్వలేదు. వినబడలేదనుకోను. వినీ మాట దాటేశారు.

తాండూరు చుట్టూ నాపరాయి తీసి వదిలేసిన గుంతల్లో వాననీళ్లు నిలుస్తాయి. అందులో ఎవరైనా మునిగితే ఫోను మాకే వస్తుంది. మాది ఉద్యోగం కాదు, ఈత వచ్చినవాళ్లం. ఆ బురదనీళ్లలో కళ్లు పనికిరావు. అందుకే పాదాలతో అడుగంతా తడుముతూ వెతుకుతాం. రాయి గట్టిగా తగులుతుంది. మనిషి మెత్తగా తగులుతాడు.

ఆ మెత్తదనం పాదాలను వదలదు. ఇంట్లో కన్నంటుకోగానే నా కాలు పక్కమీద వెతకడం మొదలుపెడుతుంది. ఒకసారి ఏదో తగిలింది. దిగ్గున లేచి పట్టుకుని లాగాను.

"ఓ నాయనో, నా కాలు ఇరగ్గొడ్తవా ఏంది! బతికే ఉన్న," అంటూ నా భార్య నవ్వింది. నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. అప్పటినుంచి ముందుగదిలో వట్టి బండల మీద ఒక్కణ్నే పడుకుంటున్నాను.

నాతోపాటు దిగే యాలాల్ ఊరి మిత్రుడిది ఇంకా అధ్వానం. పోయిన వానకాలం నీళ్లలోనే తూగాడు. నడుముకు కట్టిన తాడు పట్టి పైకి లాగాను.

"ఏమైందిరా?"

"ఏమోరా, నీళ్లు సల్లగున్నయి. జర కండ్లు మూస్కున్న."

ఆ మాటకు భయపడి వికారాబాద్‌లో ఆఫీసుకు వెళ్లాను. మమ్మల్ని పిలిపించే అధికారి మిర్చిబజ్జీలు తింటున్నాడు.

"సార్, మాకు నిద్ర వడ్తలేదు. మనసు డాక్టర్‌ను ఒక్కసారి తాండూరుకు పంపుండ్రి."

"ఎవలన్న వింటే పిచ్చోళ్లనుకుంటరు కాక! పాలు తాగి పండుకో. పంద్రాగస్టుకు రా, శాలువా కప్పుతం."

శాలువాలంటేనే నాకు రోత. ఒకసారి గట్టు మీద మునిగిన పిల్లాడి తల్లి గుండెలు బాదుకుంటుంటే, ఈ సారే నా తడిబట్టల మీద శాలువా కప్పి ఫొటో దిగాడు. నా మిత్రుణ్ని పక్కకు నెట్టి మరీ నిలబడ్డాడు. అది నేను మరచిపోలేదు.

నిన్న ఫోనులో మళ్లీ ఆ సార్ గొంతే: "కాక, జల్ది రాండ్రి." వెళ్లాం. మిత్రుణ్ని గట్టు మీదే కూర్చోబెట్టి నేనొక్కణ్నే దిగాను. దొరికింది. గట్టెక్కేసరికి వాడు కూర్చున్నచోటే తూగుతున్నాడు.

సార్, వాడు మళ్లీ నీళ్లలో కళ్లు మూసుకుంటే, వాణ్ని కూడా నేను పాదాలతోనే వెతకాలా? డాక్టర్‌ను ఎప్పుడు పంపుతారు? శాలువా వద్దు. జవాబు చెప్పండి.