నల్ల గుర్రం గీత

మా ముత్తాత పన్నెండు ఊళ్ల జాగీర్దారు. మా తాత దర్బారులో కుర్చీ ఉన్న మనిషి. ముందు ఈ మాట చెప్పాకే గుర్రాల సంగతి చెబుతాను. అసలు చెప్పాల్సి రావడమే చికాకు. నిన్న మనవరాలు లెక్కల పుస్తకం తెచ్చింది. పరుగు పందెంలో ఇద్దరి దూరాన్నీ కాలాన్నీ సమీకరణాలుగా రాసి, గ్రాఫు మీద రెండు సరళరేఖలు గీసి, "ఎవరి గీత నిటారుగుంటే వాళ్లే ఫాస్ట్ తాతా! గింతే!" అంది. గింతేనట! ఆ గింత లెక్కే మా కొంప ముంచింది.

పోలీస్ యాక్షన్ అయి జాగీర్లు పోయాక, చిలకలగూడ ఇంట్లో మాకు మిగిలినవి రెండు పందెపు గుర్రాలు, ఒకటి నల్లది, ఒకటి ఎర్రది. రెంటినీ మేపే స్తోమత లేదు. మంచిదాన్ని ఉంచుకుంటే పందేలు గెలిచి ఇంటి పేరు నిలబెడుతుందని నాయన ఆశ. ఏది మంచిదో తేల్చే పని చిన్నాయన నెత్తిన వేసుకున్నాడు. ఆయన నగరంలో ఉర్దూలో చదువు చెప్పే కాలేజీలో లెక్కలు చదివాడు. పరేడ్ మైదానంలో కర్రలు పాతించి, గడియారం పట్టుకుని రెంటినీ పరుగెత్తించాడు. "గుర్రం సుత సమీకరణమే అన్నా. వేగాన్ని కాలంతో గుణిస్తే దూరం" అని గ్రాఫు గీసి, నాయన బల్ల మీద పెట్టి పని మీద ఊరెళ్లిపోయాడు.

నాయన చదివింది సికింద్రాబాద్ ఇంగ్లీషు బడిలో. కళ్లద్దాలు పెట్టుకుని ఎడమ నుంచి కుడికి చూశాడు. రెండు గీతలూ కిందికే దిగుతున్నాయి, నల్లదాని గీత మరీ నిటారుగా. "రెండూ అలిసేటియే. నల్లది జెర జల్దీ అలుస్తది" అని తీర్పు చెప్పి, దాన్ని కంటోన్మెంటు అధికారి ఒకాయనకు అమ్మేశాడు.

వారం తిరక్కుండా చిన్నాయన వచ్చి ఖాళీ గుంజ చూశాడు.

"నల్లదేది అన్నా?"

"అమ్మిన. దిగజారుతున్నదని నువ్వే గీస్తివి గద!"

"అయ్యో, అది దిగుడు కాదు, ఎక్కుడు! ఉర్దూల గ్రాఫు సుత కుడి దిక్కు నుంచే షురూ చేస్తం!"

"గామాట ముందుగాల చెప్పద్దా?"

"నువ్వు అడిగినవా?"

నాయన లేచి నిలబడ్డాడు. "తమ్ముణ్ని నేనడగాల్నా?"

అంతే, ఆ మాటతో అన్నదమ్ముల మధ్య మాటలు బందయ్యాయి. ఒక్క ప్రశ్న అడిగితే ఏం పోయేది? నేనైనా అడిగేవాణ్ని కాదు, అది వేరే సంగతి. కాలం ఎటునుంచి ఎటు నడుస్తుందో ఒక్క ఇంట్లోనే పొంతన కుదరలేదు.

ఎర్రది ఒక్క పందెమూ గెలవలేదు. వానలు పడేలోగా దాన్ని టాంగావాడికి అమ్మేశాం. ఆ తర్వాత గుర్రపుశాలను స్థలంతో సహా అమ్మేశాం.