పళ్ళు నూరింది ఎవరి మీద?

ఆ రోజుల్లో నన్ను చూసినవాళ్ళంతా ‘కోపమంటే తెలియని పిల్లోడు’ అనేవారు. నేనూ నమ్మేశాను. సూళ్లూరుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో కొత్తగా చేరాను. ఆరు నెలలు చూసి, నచ్చితే పర్మనెంటు చేస్తారు, లేకపోతే ఇంటికి పంపేస్తారు. ఆ నచ్చడం మా మేనేజరు చేతిలో ఉండేది. ఆయన తన తప్పుల్ని నావిగా, నా పనిని తనదిగా పైవాళ్ళకు చెప్పుకునేవాడు (ఈ పంపకంలో ఒక్కసారీ తడబడలేదు). నేను మాత్రం “సరే సార్” అని నవ్వేవాణ్ణి.

నాలుగో నెలకల్లా పొద్దున లేచేసరికి దవడలు బిగుసుకుపోయి, ఇడ్లీ పెట్టుకుందామన్నా నోరు తెరుచుకునేది కాదు. చిత్తూరు నుంచి అమ్మ ఫోన్లోనే తేల్చేసింది: “కడుపులో పురుగులుంటేనే నిద్రలో పండ్లు కొరికేది. యాపాకు నూరి మింగు!” మూడు రోజులు మింగాను. పురుగుల సంగతేమో గానీ ఆ చేదుకి ఇడ్లీ మీద ఆశే పోయింది. చివరికి తిరుపతిలో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చెంప మీద కండరాన్ని నొక్కి (నేను అరిచాను), “మీరు పడుకున్నా ఇది పడుకోవడం లేదు. మనసులో కోపం ఏమన్నా పెట్టుకుని ఉండారా?” అంది. “అబ్బే, లేదు మేడం” అని నవ్వాను. నవ్వినా నొప్పే. పళ్ళ మధ్య పెట్టుకుని పడుకోమని ఒక ప్లేటు చేసిచ్చింది.

ఆ ప్లేటును రోజూ రాత్రి బుద్ధిగా పెట్టుకునేవాణ్ణి. పొద్దున కంపెనీ బస్సులో తీసే కునుక్కి కూడా అది కావాలని నాకు తోచలేదు. ఆరో నెల చివర్లో ఒకరోజు మేనేజరు సరిగ్గా నా ముందు సీట్లో కూర్చున్నాడట. తర్వాత జరిగిందంతా నా రూమ్మేటు చెప్పాడు. పాకాల నుంచి వచ్చిన ఆ అబ్బాయికి అబద్ధమాడటం చేతకాదు.

“ఏందప్పా ఆ సప్పుడు? బ్రేకు పట్టేసిందా?” అన్నాడట మేనేజరు.

“లేదు సార్. మావోడు పండ్లు నూరతా ఉండాడు.”

“ఎవురి మీద?”

నిద్రలో పళ్ళు నూరడానికీ, కోపంతో పళ్ళు నూరడానికీ మన భాషలో ఒకే మాట ఉండటం వల్ల వచ్చిన చిక్కు ఇది. అబద్ధం చేతకాని పాకాల అబ్బాయి కిటికీలోంచి బయటికి చూశాడట.

మధ్యాహ్నానికి కబురొచ్చింది. పర్మనెంటు కాగితం మేనేజరు బల్ల మీదే ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. డాక్టరమ్మ చెప్పిందంతా అప్పజెప్పాను, అది కండరం చేసే పని సార్, నాకేమీ తెలియదన్నాను.

“కండరానికేం తెలుస్తాదప్పా? మనిషి సెప్తేనే గదా అది నూరేది! ఎవురి మీద, సెప్పు.”

నిజం చెప్పడానికి జీవితం ఇచ్చిన మంచి అవకాశం అది. నోరు తెరిచాను (సగమే తెరుచుకుంది). “మా నాయన మీద సార్” అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. తండ్రిని ఎలా గౌరవించాలో పావుగంట చెప్పి సంతకం పెట్టాడు. అక్కడితో ఆగాడా? నా మేలు కోరి, నా దరఖాస్తులో నంబరు వెతికి, పిల్లోడితో కాస్త మెత్తగా ఉండమని నాయనకే ఫోన్ చేసి చెప్పాడు.

సాయంత్రం నాయన ఫోన్ చేశాడు. ఆయన గొంతు అంత మెత్తగా నేనెప్పుడూ వినలేదు. “నీకిష్టం లేకపోయినా పాలిటెక్నిక్‌లో చేర్పించినా గదా. దానికేనారా?”

కాదు నాయనా, ఉద్యోగం కోసం అబద్ధం చెప్పానని ఒట్టేసి చెప్పాను. “పోనీలేరా. పర్మనెంటు అయింది గదా” అని పెట్టేశాడు. నమ్మలేదని నాకు తెలుసు.

ఇన్నేళ్ళయినా నాయన నాకు చిన్న పని చెప్పాలన్నా “కోపం చేసుకోవాకు గానీ...” అని మొదలుపెడతాడు. మేనేజరు మీద మింగిన కోపానికి దవడ ఒక్కటే నొప్పెట్టింది. ఈ మాట విన్నప్పుడల్లా ఎక్కడ నొప్పెడుతుందో ఏ డాక్టరమ్మకీ చూపించలేను. నవ్వేసి, “చెప్పు నాయనా” అంటాను.