మూసీ ఒడ్డున ఖైదీల క్యాంపు

మొన్న మధ్యాహ్నం టీవీలో ఏదో యుద్ధఖైదీల సినిమా వస్తుంటే, ముళ్లకంచె వెనుక వరుసగా కూర్చున్న మనుషులను చూడగానే లేచి కట్టేశాను. ఎందుకత్తమ్మా అని కోడలు అడిగితే కళ్లు మండుతున్నాయన్నాను. అసలు సంగతి నా ఈడువాళ్లకైతే చెప్పుకోగలను.

మాది శాలిబండలో పాలవ్యాపారం చేసుకునే ఇల్లు. మా అన్న ఫౌజులో చేరి, మలయాలో జపాను వాళ్లకు పట్టుబడి, మూడేళ్లకు పైగా ఖైదులో ఉండి, యుద్ధం ముగిశాక ఎముకల గూడై, కొంచెం కుంటుతూ తిరిగివచ్చాడు. తనతో వెళ్లిన స్నేహితుడు మాత్రం రాలేదు. ఆ స్నేహితుడి తల్లి ఫలక్‌నుమాలో ఒంటరిగా ఉండేది. అన్న రోజూ పొద్దున్నే చెంబెడు పాలు పట్టుకుని వెళ్లి, ఆమె చేసిపెట్టిన జొన్నరొట్టె తిని వచ్చేవాడు.

ఆ రోజుల్లోనే బొంబాయిలో సినిమాలకు కథలు రాసే మా మేనబావ వచ్చాడు. నా పెళ్లి అతనితోనే అని ఇంట్లో అందరూ అనుకునేవారు, నేనూ అనుకునేదాన్ని. అన్న కథను సినిమాగా తీస్తామని అతనంటే, అప్పటిదాకా ఎవరి దగ్గరా నోరు విప్పని అన్న, మనవాడే కదా అని ఆరు మధ్యాహ్నాలు కూర్చుని చెప్పుకొచ్చాడు. నేను చాయ్ అందిస్తూ విన్నాను. చివరి రోజున, స్నేహితుడు విరేచనాలతో లేవలేక పడివుంటే అతని వంతు గంజన్నం తానే తినేశానని, తెల్లవారేసరికి అతను లేడని చెప్పి, అన్న గోడవైపు తిరిగి ఏడ్చాడు. బావ కూడా ఏడ్చాడు.

“గీ ముచ్చట గీ అర్ర దాటదు బామ్మర్దీ, నీ చెల్లె మీద ఒట్టు” అన్నాడు.

ఎండాకాలంలో సినిమావాళ్లు వచ్చి మూసీ ఒడ్డున వెదుళ్లతో, తడకలతో క్యాంపు కట్టారు. మా గల్లీ తాలీంలో కుస్తీలు పట్టే పహిల్వాన్లు జపాను సిపాయిలయ్యారు. ఖైదీల వేషం కట్టినవాళ్లు కడుపునిండా తిని నవ్వుకుంటూ కూర్చుంటే, గిన్నె ఎలా పట్టుకోవాలో, కిందపడిన మెతుకును ఎలా ఏరుకోవాలో అన్న వాళ్లకు ఓపికగా నేర్పాడు. మిగిలింది బొంబాయిలో తీస్తామని చెప్పి వెళ్లారు.

మరుసటి ఏడాది అఫ్జల్‌గంజ్ అవతలి టాకీసులో ఆ బొమ్మ ఆడింది. నీ స్నేహితుణ్ణి గొప్ప వీరుడిగా చూపించామని బావ ఉత్తరం రాయడంతో, అన్న స్వయంగా ఆ తల్లిని వెంటబెట్టుకుని తెచ్చాడు. ఆమెకు అటు నేను, ఇటు అన్న కూర్చున్నాం. తెరమీద శాలిబండ పాలవాడొకడు, అచ్చం అన్నలాగే కొంచెం కుంటుతూ, చావుబతుకుల్లో ఉన్న దోస్తు చేతిలోంచి గిన్నె గుంజుకుని నవ్వాడు. హాలంతా వాణ్ణి తిట్టిపోసింది.

బయటికి వచ్చాక ఆమె అడిగింది. “గా పాలోడు నువ్వేనా బిడ్డా?”

“గుంజుకోలేదమ్మా. తిన్నది మాత్రం నేనే.”

“ఆకలికి తిన్నవ్, గది నాకు సమజైతది. గిన్ని దినాలు నా చేతి రొట్టె తినుకుంట, నాకెందుకు చెప్పలే?” అని ఆమె మా కోసం ఆగకుండా నడిచి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి ఆమె తలుపు తీయలేదు. అన్న గడపలో పెట్టి వచ్చిన పాలు సాయంత్రానికి విరిగి అక్కడే ఉండేవి. కొన్నాళ్లకు ఆమె తమ్ముడి ఊరికి వెళ్లిపోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. అన్న మళ్లీ ఆ దిక్కు వెళ్లలేదు. బావ పండ్ల బుట్టతో వచ్చి, “గా సీను లేకుంటే సినిమాల పానమే లేదు మరదలా” అన్నాడు. నా మీద వేసిన ఒట్టు అతనికి గుర్తులేదో, ఉండీ లెక్కచేయలేదో నేను అడగలేదు. ఆ పెళ్లి నాకొద్దని మాత్రం నాన్నతో చెప్పేశాను.

ఇప్పుడు ఎవరి కథైనా సినిమాకు తీసుకుంటే ముందే కాగితాలు రాసుకుంటారట, ఏది చూపాలో ఏది చూపకూడదో అన్నీ రాసి సంతకాలు పెట్టుకుంటారట. మంచిదే. కానీ ఆ రోజున ఎవరైనా అటువంటి కాగితం తెచ్చి ముందు పెట్టినా, మా అన్న నవ్వి పక్కకు నెట్టేసేవాడు, మనలో మనకు ఇవన్నీ ఎందుకని.