చెంచా నీళ్ళ పరీక్ష

మొన్న ఖమ్మంలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర నా పక్క కుర్చీలో ఒక పెద్దాయన కూర్చున్నారు. మజ్జిగ గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగి, ఎదుటివాళ్ళతో ఏదో చెప్పబోయారు. మాటతో పాటు గొంతులో గరగరమని తడి చప్పుడు వినిపించింది. నా చెయ్యి నాకు తెలియకుండానే వెళ్ళి ఆయన గ్లాసు మీద పడింది. "ఆగండి. ఒకసారి దగ్గండి. మళ్ళీ మింగండి" అన్నాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. ఆయన కోడలు "మీరెవరండీ?" అని అడిగింది. నేనెవరినో చెప్పాలంటే నఫీసా మేడమ్ ఎవరో చెప్పాలి. చుట్టూ సాంబారు బకెట్లు తిరుగుతుంటే అది కుదిరే పని కాదు. క్షమించమని చెప్పి లేచి వచ్చేశాను. అప్పటి నుంచీ ఆమె మీద పాత విసుగంతా తిరిగి వచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత కూడా పరాయివాళ్ళ గ్లాసుల మీద నా చెయ్యి పడేట్టు చేసిన మనిషి మీద విసుక్కోక ఏం చేయను?

ఎనభైలలో పినపాక వెళ్ళే దారిలో, అడవి దగ్గర పడే చోట ఒక చిన్న దవాఖానా ఉండేది. ఇప్పుడది లేదు. డాక్టర్ నఫీసా అక్కడ నరాల జబ్బులు చూసేవారు. ఖమ్మంలో ఇనుప సామాను అమ్మే కుటుంబంలో పుట్టి, హైదరాబాదులో పెద్ద చదువు చదివి, అక్కడే ఉండిపోకుండా ఈ మూలకు వచ్చారు. ఎందుకు వచ్చారని అడిగితే "అక్కడ అందరూ ఉన్నరు, ఇక్కడ ఎవరూ లేరు, ఇంకేం చెప్పాలె?" అని కసురుకునేవారు. మూర్ఛ వచ్చేవాళ్ళు, చెట్టు మీంచి పడి తలకు దెబ్బ తగిలినవాళ్ళు, చేతులు వణికే ముసలివాళ్ళు, అందరూ ఆమె దగ్గరికే వచ్చేవారు. కానీ ఆమె ధ్యాసంతా పక్షవాతం మీద ఉండేది. పక్షవాతం వచ్చినవాళ్ళలో కొందరు మొదటి దెబ్బకు పోరు. కాస్త తేరుకున్నట్టే ఉండి, జ్వరమూ ఆయాసమూ వచ్చి పోతారు. మెదడు జబ్బుతో వచ్చిన మనిషి ఊపిరితిత్తుల జబ్బుతో ఎందుకు పోతున్నాడన్నది ఆమె ప్రశ్న. మింగడం చేతకాని నోట్లో మనం పోసేది కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి దిగుతోందని ఆమె అనుమానం. అనుమానం చాలదు, చూసి తేల్చాలి అనేవారు. ఆ చూసే పనికి నన్ను పెట్టుకున్నారు. నాది ముదిగొండ దగ్గర వ్యవసాయ కుటుంబం. డిగ్రీ పూర్తి చేసి ఏ ఉద్యోగమూ దొరక్క ఆమె దగ్గర రీసెర్చ్ అసిస్టెంటుగా చేరాను.

పని చెప్పడానికి తేలిక. రోగిని నిటారుగా కూర్చోబెట్టాలి. ఒక చెంచా నీళ్ళు నోట్లో పోసి, మింగుతున్నప్పుడు గొంతు మీద వేళ్ళు పెట్టి చూడాలి. తర్వాత పేరు చెప్పమనాలి. దగ్గు వచ్చినా, గొంతు తడిగా పలికినా నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు. ముక్కులోంచి గొట్టం వేసి దానితోనే ఆహారం. రోజూ పొద్దున మళ్ళీ అదే పరీక్ష. ఈలోపు ఎవరూ ఆ నోట్లో ఏమీ పోయకుండా కాపలా కాయాలి. చేరిన రోజునే మేడమ్ నన్ను వార్డు బల్ల దగ్గరికి పిలిచారు.

"పడుకో."

"నేనా మేడమ్?"

"మరి నేనా? పడుకో. తల ఎత్తకు. ఇగ తాగు."

ఆమె పోసిన నీళ్ళు ముక్కులోకి ఎక్కి, దగ్గి దగ్గి నా కళ్ళ వెంట నీళ్ళు కారాయి. నర్సులు నవ్వారు. మేడమ్ మాత్రం నవ్వలేదు. "నీకు మంచిగున్నది కాబట్టి దగ్గు వచ్చింది. వాళ్ళల్ల కొందరికి దగ్గు గూడ రాదు. సప్పుడు చెయ్యకుండ దిగిపోతది. అర్థమైందా?" అన్నారు. అర్థమైంది. నీళ్ళు పోయకుండా నోటితో చెప్పినా అర్థమయ్యేదే కదా అని ఆ రోజంతా మండిపడ్డాను.

అసలు చిక్కు కాపలా దగ్గర వచ్చింది. మా వైపు రోగిని చూడడానికి ఎవరూ ఉత్త చేతులతో రారు. తెచ్చినదాన్ని తమ చేత్తో రోగి నోట్లో కాస్తయినా పోయకుండా తిరిగి పోరు. పోయకపోతే చూసినట్టే కాదు. బార్లీ నీళ్ళు, కొబ్బరి నీళ్ళు, గోలీ సోడా, పాలలో నానబెట్టిన రొట్టె వచ్చేవి. పడుకున్న మనిషి దవడ నొక్కి, పెదాల సందులోంచి పోసేవాళ్ళు. ఎంతో ప్రేమగా పోసేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. అంత ప్రేమగా పోసేవాళ్ళ చెయ్యి పట్టుకుని ఆపేదెట్లా? మేడమ్‌కి ఆ బాధ లేదు. నేరుగా వెళ్ళి గ్లాసు లాక్కునేవారు. వార్డులో ఆమెకు 'నోరెండ మేడమ్' అని పేరు పెట్టారు. ఒకసారి పాల్వంచ నుంచి వచ్చిన ఒకాయన తల్లి మంచం పక్కన నిలబడి గొడవకు దిగాడు.

"మా అమ్మ నోరెండబెట్టి చంపుతున్నరు మేడమ్. పాపం తగుల్తది మీకు!"

"తగలనియ్. నీకు తగిలేది గూడ నేనే తీసుకుంటున్న. గ్లాసు ఇటియ్."

ఆమె అటు వెళ్ళగానే నేను ఆయన పక్కన చేరి "మేడమ్ మాట కొంచెం గట్టి, మీరేం అనుకోకండి" అని సర్దిచెప్పాను. మేడమ్ తలుపు దగ్గరే ఉన్నారు. "ఏందయ్యా ప్రసాదూ, నేను ఊడ్చుకుంట పోతుంటే నువ్వు వెనక చెత్త పోసుకుంట వస్తున్నవ్? నీకు అందరూ చుట్టాలే కావాలె. దవాఖానాల చుట్టరికం ఏందయ్యా?" అన్నారు. వార్డంతా విన్నది. నాకు తలకొట్టేసినట్టయింది. అయితే ఆమె అన్నది నిజమే. నేను అందరికీ మంచివాడిని. రోగి బంధువులు నన్ను బాబూ అని పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాళ్ళు. మేడమ్ చెడ్డవారు కాబట్టే నేను మంచివాణ్ణి కాగలిగానని అప్పుడు నాకు తోచలేదు.

చండ్రుగొండ నుంచి రాఘవయ్య గారు వచ్చింది ఆ మరుసటి ఏడాది. మిరప, పొగాకు వేసే రైతు. వాళ్ళది కూడా మాలాగే కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. కుడి పక్క పడిపోయింది, మాట ముద్దగా వచ్చేది. చెంచా నీళ్ళకే గొంతు తడిగా పలికేది. గొట్టం వేశాం. భార్య ఒప్పుకుంది, కొడుకు ఒప్పుకున్నాడు. గొట్టంతో ఆయనకు ప్రాణం మీదికి వచ్చినట్టుండేది. పెరికేయబోతే ఎడమ చెయ్యి పట్టుకుని "ఇంకొన్నాళ్ళు పెద్దాయనా" అని బతిమాలేవాణ్ణి. క్రమంగా మెరుగుపడ్డారు. ఒక పొద్దున ఒక చెంచా దిగింది, గొంతు తడవలేదు. రెండోదీ దిగింది. నేను సంబరంగా చూస్తే మేడమ్ "మూడోదానికి ఉరకకు" అన్నారు. ఆ రోజే ఆమె తమ్ముడి నిఖాకి ఖమ్మం వెళ్ళాల్సి ఉంది. జీపెక్కుతూ నాకు ఒకటే చెప్పారు. "నేను వచ్చేదాక ఆయన నోట్లె ఏదీ పోవద్దు. వచ్చి నేనే చూస్త."

"సరే మేడమ్" అన్నాను.

మధ్యాహ్నం రాఘవయ్య గారి అక్క సీతారావమ్మ గారు వచ్చారు. మధిర దగ్గర ఏదో ఊరు. బస్సులు మారి మారి, చంకలో ఫ్లాస్కు పెట్టుకుని వచ్చారు. నన్ను చూడగానే ముఖం విప్పారింది.

"నువ్వు ముదిగొండ వాళ్ళ అబ్బాయివి గదూ? మీ అమ్మ నాకు వదిన వరస. నీకు మేనత్తనవుతాను. ఇక్కడున్నావా నాయనా, ఇంక నాకు బెంగ లేదు."

తమ్ముడి పక్కన కూర్చుని ఆయన పడిపోయిన చేతిని కాసేపు నిమిరారు. తర్వాత ఫ్లాస్కు మూత తిప్పారు. మిరియాల చారు వాసన వార్డంతా నిండింది.

"మేడమ్ లేరు అత్తయ్యగారూ. రేపు ఆవిడ వచ్చి..."

"ఆవిడ లేదనే గదా నిన్నడుగుతున్నాను. ఒక్క గుటక. వీడికి చిన్నప్పట్నించీ నా చేతి చారంటే ప్రాణం. ఇంత దూరం వచ్చి తమ్ముడి నోట్లో చుక్క పోయకుండా ఎట్లా పోను, నువ్వే చెప్పు."

వద్దు అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను వద్దనలేదు, సరే అని కూడా అనలేదు. "నేను చాయ్ తాగి వస్తానండీ" అన్నాను. ఆమెకు అర్థమైంది. ఆమెకు అర్థమైందని నాకూ అర్థమైంది. ఎదురుగా ఉన్న చాయ్ దుకాణంలో కూర్చుని, పొద్దున చదివిన పేపరే మళ్ళీ చదివాను. ఒక చాయ్ అయ్యాక ఇంకొకటి చెప్పాను. అప్పుడు నాలో నేను చెప్పుకున్నది కూడా గుర్తుంది: పొద్దున రెండు చెంచాలు దిగాయి కదా, ఏం కాదులే. మేడమ్ చేసిన పరీక్షను నా పిరికితనానికి ఆసరా చేసుకున్నాను.

తిరిగి వెళ్ళేసరికి ఫ్లాస్కు మూత కడిగి కిటికీలో బోర్లించి ఉంది. రాఘవయ్య గారు దిండు మీద పడుకుని, మూతి ఒక పక్కకు లాగి నవ్వుతున్నారు. "అక్క" అన్నారు నాతో, చూశావా అన్నట్టు. ఆ గొంతు పూర్తిగా తడిసిపోయింది. కంగారుగా లేపి కూర్చోబెట్టాను, వీపు తట్టాను, దగ్గమన్నాను. ఆయనకు దగ్గు రాలేదు. సాయంత్రానికి జ్వరం అందుకుంది. మేడమ్ వచ్చి చేయగలిగిందంతా చేశారు. ఆ వారం దాటకుండానే ఆయన పోయారు.

మేడమ్ కేకలు వేస్తారని ఎదురుచూశాను. ఆమె నన్ను ఎదురుగా కూర్చోబెట్టి "నువ్వెక్కడున్నవ్?" అని అడిగారు.

"చాయ్‌కి పోయాను మేడమ్."

"చాయ్ కావాల్నని పోయినవా?"

"కాదు."

ఆమె కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "ఆ చారు వల్లనే పోయిండని రుజువు చెయ్యలేం. ఆయన ఉమ్మే లోపలికి దిగి ఉండొచ్చు. ఎట్లయినా పోయేటోడేమో" అన్నారు. నేను ఆశగా తలెత్తాను. "అయితే మేడమ్..."

"అయితే ఏంది? రుజువు లేదంటే నువ్వు చాయ్‌కి పోనట్టా?"

తర్వాత ఆమె విసుగు తన మీదికే మళ్ళింది. "పొయ్యొద్దు, పొయ్యొద్దు అని చెప్పుడే చేసిన. మరి వచ్చినోళ్ళు చేతులు ఏం చేసుకోవాలె? అది ఆలోచించలే. నాదీ తెలివే!" అన్నారు. ఆ వారం నుంచే వార్డులో పద్ధతి మారింది. చూడడానికి వచ్చిన ప్రతివాళ్ళ చేతికీ ఒక తడిగుడ్డ ఇచ్చేవాళ్ళం. రోగిని కూర్చోబెట్టి, పెదాలూ నాలుకా తుడిచి, పేరు పెట్టి పలకరించి పోవాలి. గొడవలు పూర్తిగా ఆగలేదు కానీ తగ్గాయి. దాన్ని కూడా ఆమె పరిశోధన నివేదికలో తన గొప్పగా రాసుకోలేదు. ముందే చేయాల్సింది ఆలస్యంగా చేశామనే రాశారు.

నా సంగతి మాత్రం ఆమె వదల్లేదు. "వాళ్ళు మన పరిశోధనకు ఒప్పుకున్నరు. కాపలా కాస్తమని మాటిచ్చినం. ఏం జరిగిందో వాళ్ళకు తెల్వాలె. నువ్వే చెప్పాలె" అన్నారు. పెద్దకర్మ అయ్యాక జీపులో చండ్రుగొండ తీసుకెళ్ళారు. తను దిగలేదు. కల్లంలో ఎండబెట్టిన మిరపకాయల ఘాటుకు తుమ్ముతూ జీపులోనే కూర్చున్నారు.

సీతారావమ్మ గారు నన్ను చూసి వసారాలోకి వచ్చారు. నేను నోరు తెరవకముందే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టారు. "నీ పుణ్యం నాయనా. నువ్వు పక్కకు తప్పుకున్నావు గనక నా తమ్ముడు నా చేతి చుక్క తాగి పోయాడు. ఆ ఒక్కటీ లేకపోతే నేను బతికుండేదాన్ని కాదు" అన్నారు. ఇచ్చిన మంచినీళ్ళు తాగి, వస్తానని చెప్పి జీపు దగ్గరికి వచ్చేశాను.

"చెప్పినవా?"

"లేదు మేడమ్. ఆవిడ నాకు దండం పెట్టింది."

"అయితే?"

"ఉన్న ఒక్క ఊరటా తీసేయమంటారా?"

డ్రైవరు అప్పటికే బండి స్టార్ట్ చేశాడు. "ఇంజన్ బంద్ చెయ్" అన్నారు మేడమ్ అతనితో. సీటుకు జారగిలబడి కళ్ళు మూసుకున్నారు. ఆ మొండితనానికి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎంతసేపైనా అట్లాగే కూర్చుంటుంది ఈ మనిషి. తిరిగి లోపలికి వెళ్ళాను.

ఈసారి ఆయన భార్యా కొడుకూ కూడా వింటుండగా నిలబడే చెప్పాను. ఆయన మింగలేరని, పోస్తే ప్రమాదమని, అది తెలిసే బయటికి పోయానని, చారు వల్లే పోయారో లేదో ఎవరూ చెప్పలేరని, కానీ ఆపడం నా పని అని, ఆపలేదని చెప్పాను. సీతారావమ్మ గారి ముఖంలో రంగు ఒక్కసారిగా పోయింది. స్తంభానికి ఆనుకున్నారు.

"నువ్వు వద్దంటే నేను ఊరుకునేదాన్నా?"

"ఊరుకునేవారు కాదు అత్తయ్యగారూ."

"నిన్ను నానా మాటలూ అనేదాన్ని. మీ అమ్మ దాకా పోయేదాన్ని."

"అవునండీ."

"మరి అనిపించుకోవాల్సింది గదా నాయనా."

అంతే అన్నారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆమె మళ్ళీ నాతో మాట్లాడలేదు. మా అమ్మతో కూడా మాట్లాడలేదు.

ఆ తర్వాత మేడమ్ దగ్గర తొంభైల మొదట్లో దవాఖానా మూతపడేదాకా పనిచేశాను. ఆమెతో రోజుకోసారైనా విసుక్కున్నాను. ఆమె పోయి కూడా చాలా కాలమైంది. మా బంధువుల్లో ఎవరికి పక్షవాతం వచ్చినా ఇప్పటికీ నేను వెళ్తాను. పాలగ్లాసుతో వచ్చిన చెల్లెలో, కూతురో, మేనకోడలో ఉంటుంది. వద్దు అంటాను. అలా అనడం నాకు ఇప్పటికీ తేలిక కాదు. వాళ్ళు నన్ను కసాయివాడంటారు, దయలేనివాడంటారు, నీ తల్లికైతే ఇట్లాగే చేస్తావా అంటారు. అన్నీ వింటాను. వింటూ మంచం పక్కనే నిలబడి ఉంటాను.