డెబ్భై పౌండ్ల విల్లు

ఆ ఏడు జూన్‌లో నా రూమ్మేట్ సరస్సులో మునిగి చనిపోయాడు. ఇద్దరం కరీంనగర్‌లో ఒకే కోచింగ్ సెంటర్‌లో ఇంగ్లిష్ పరీక్షకు చదివి, ఒకే విమానంలో కెనడాలోని ఎడ్మంటన్ వచ్చినవాళ్లం. ఏడాదిన్నరగా ఒకే బేస్‌మెంట్ గదిలో రెండు పరుపులు వేసుకుని ఉంటున్నాం. ఆ ఆదివారం వాడు కాలేజీ వాళ్లతో సరస్సుకు వెళ్లాడు. నాకు వేర్‌హౌస్‌లో షిఫ్ట్ ఉండి వెళ్లలేదు. వాడికి ఈత బాగా వచ్చు. ఇక్కడి నీళ్ల చలి వేరని తర్వాత అందరూ చెప్పారు.

వాణ్ని గుర్తుపట్టడానికి నేనే వెళ్లాను. ఇంటికి పంపే ఏర్పాట్లు ఇక్కడి తెలుగువాళ్లు కలిసి చేశారు. నన్ను పట్టుకుని ఏడుద్దామని వచ్చినవాళ్లు నా ముఖం చూసి ఆగిపోయేవారు. నాకు ఏడుపు రాలేదు. వేళకు తిన్నాను, షిఫ్టులకు వెళ్లాను, అసైన్‌మెంట్లు సబ్మిట్ చేశాను. బస్సెక్కితే ఎవరో ఒకరు తెలుగులో ఫోన్ మాట్లాడుతుండేవారు, మావాళ్లు అంతమంది వస్తున్న రోజులవి. వాళ్ల మాటలు చెవిలో పడేవి కానీ ఏం మాట్లాడుతున్నారో పట్టేది కాదు.

మేం అద్దెకున్న ఇంటి ఓనర్‌ను అన్న అని పిలిచేవాళ్లం. హైదరాబాద్ మనిషి. టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, అక్కడ గ్రీన్ కార్డు రాక ఎడ్మంటన్ వచ్చాడు. టెక్సాస్‌లో ఉండగా ఆఫీసువాళ్లతో కలిసి విల్లుతో వేటాడటం నేర్చుకున్నాడు. ఆ అలవాటు ఇక్కడికీ వచ్చింది. తుపాకీ ఉంచుకోవడానికి కావలసిన లైసెన్సుల గొడవ విల్లుకు లేదు. వదినది గుంటూరు. వేట మాంసం గ్యారేజీలోని ఫ్రీజర్ దాటి ఇంట్లోకి రాకూడదని ఆమె షరతు.

ఆగస్టులో ఒక శుక్రవారం అన్న మెట్లు దిగి వచ్చి గది గుమ్మంలో నిలబడ్డాడు.

"రేపు నాతోని రా తమ్మీ. కొత్త బో తీస్కోవాలె. ఒక్కణ్నే పోతే షాపోడు ఏదో ఒకటి అంటగడ్తడు."

రానని చెప్పాలంటే కారణం చెప్పాలి. అంత ఓపిక లేక వెళ్లాను.

షాపు వెనక భాగంలో బాణాలు వేసి చూసుకోవడానికి పొడవాటి గది ఉంది. అన్న దగ్గర అప్పటికే అరవై పౌండ్ల విల్లు ఉంది. జింకలకు అది సరిపోతుంది. ఈసారి గుర్రమంత ఎత్తుండే దుప్పి, మూస్‌ వేటకు వెళ్లాలని ఉంది కాబట్టి, బరువైన బాణాన్ని వేగంగా పంపే డెబ్భై పౌండ్లది కావాలన్నాడు. పౌండ్లంటే విల్లు తూకం కాదు, నారిని వెనక్కి లాగడానికి పట్టే బలం. ఈ కాంపౌండ్ విల్లుకు రెండు కొసల్లో చక్రాలుంటాయి. లాగుతుంటే మధ్యలో మొత్తం బరువూ చేతి మీద పడుతుంది. ఆ చోటు దాటితే చక్రాలు తిరిగిపోయి నారి తేలికవుతుంది.

షాపతను అన్నను స్టూలు మీద కూర్చోబెట్టి, పాదాలు నేల నుంచి ఎత్తించి లాగమన్నాడు. విల్లును పైకెత్తకుండా, గురి చూసే దిక్కునే ఉంచి లాగగలిగితే ఆ బరువు మనకు సరిపోతుందట. అన్న భుజం వణికింది. విల్లు నెమ్మదిగా కప్పు వైపు లేచింది. షాపతను తల అడ్డంగా ఊపి, బోల్టులు వదులు చేసి అరవై ఐదుకు తగ్గించాడు. అది వచ్చింది.

"నువ్వు గూడ లాగి చూడు," అన్నాడు అన్న.

షాపతను నా రెండు చేతులూ బార్లా చాపించి కొలిచాడు. ఆ కొలతకు సరిపోయేవి రెండు విల్లులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను డెబ్భైది తీసుకున్నాను. లాగాను. సగంలోకి వచ్చేసరికి భుజం కీలు ఊడి వస్తుందా అనిపించింది. వీపు మీది ఎముక వెంట నొప్పి పాకింది. ఆ తర్వాత చక్రాలు తిరిగాయి, నారి చెంపకు తగిలి ఆగింది. బాణం లేకుండా వదిలేస్తే విల్లు చేతిలోనే విరిగిపోతుందని షాపతను హెచ్చరించాడు. మెల్లగా దించాను. మళ్లీ లాగాను. మళ్లీ నొప్పి వచ్చింది. జూన్ తర్వాత నా ఒంట్లో నాకు తెలిసిన మొదటి సంగతి ఆ నొప్పే.

"నీకు ఆ రెండోది చాలు తమ్మీ. అరవైదే. మొదటిసారి పట్టుకుంటున్నవ్," అన్నాడు అన్న.

"ఇదే కావాలన్నా."

"నిలబడి లాగినవ్. కూసొని లాగు."

కూర్చుని, పాదాలెత్తి లాగాను. కష్టం మీదే అయినా విల్లు పైకి లేవలేదు.

"ఈడ వెచ్చగున్నది. నవంబర్ల చలికి కదలకుంట కూసొని కూసొని, ఒక్కసారే లాగాలె. అప్పుడు రాదు."

"వస్తది."

ఆయన నన్ను కాసేపు చూసి, షాపతనికి అదే ప్యాక్ చేయమని చెప్పాడు. ఎందుకు వాదించలేదో అప్పుడు ఆలోచించలేదు. రెండు నెలల్లో నేను ఏదైనా కావాలని అడగడం అదే మొదటిసారి. ఆయన అది గమనించి ఉంటాడు.

సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఖాళీ దొరికినప్పుడల్లా ఊరి బయట రేంజ్‌కు వెళ్లి బాణాలు వేశాం. వేట పరీక్ష రాసి లైసెన్స్ తీసుకున్నాను. భుజం వాచింది. వేర్‌హౌస్‌లో పెట్టెలు ఎడమ చేత్తో ఎత్తేవాణ్ని. ఒకరోజు వదిన పైకి భోజనానికి పిలిచి, నేను ముద్ద నోటి దాకా ఎత్తలేక తలే కిందికి వంచి తినడం చూసింది.

"ఎందుకు బాబూ ఆ బరువుది? తేలికది మార్చుకోవచ్చుగా."

"అలవాటైపోతది వదినా."

"అలవాటు చేసుకోటానికి అదేమన్నా ఉద్యోగమా?"

పెరుగు వేసుకున్నాను.

నవంబర్‌లో ఊరికి దక్షిణాన ఒక రైతు పొలంలోకి వెళ్లాం. అన్న ముందే అనుమతి అడిగి పెట్టుకున్నాడు. ఆవాల్లాంటి కనోలా పంట కోసేసిన మోళ్ల అంచున చిన్న గుడ్డ గుడారం వేసి, రెండు స్టూళ్ల మీద కూర్చున్నాం. ఇంకా తెల్లవారలేదు. బూట్లలో కాలివేళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు.

వెలుగు బాగా వచ్చాక పాప్లర్ చెట్లలోంచి కొమ్ముల జింక ఒకటి బయటికి వచ్చింది. నేల వాసన చూసుకుంటూ దగ్గరికి నడిచింది. అన్న నా మోకాలు నొక్కాడు. నేను నారి లాగాను. సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకా లాగుదామంటే చెయ్యి రాలేదు. చేయకూడదని చెప్పిన పనే చేశాను, విల్లును పైకెత్తాను. గుడారం గుడ్డకు తగిలి చప్పుడైంది. జింక తలెత్తి మా వైపు చూసింది. నేను ముందుకూ వదలలేక, వెనక్కీ లాగలేక వణుకుతూ ఉండిపోయాను. అది కాసేపు చూసి, తొందరేమీ లేకుండా చెట్లలోకి వెళ్లిపోయింది.

"చలి," అన్నాడు అన్న.

ట్రక్కులోకి వచ్చి గ్లోవ్స్ తీశాను. వేళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకున్నాను.

"ఆరోజు వాని ముఖం చూపించిన్రన్నా," అన్నాను. "నేను చెయ్యి గూడ పట్టుకున్న. గిట్లనే ఉండె."

ఎవరికీ చెప్పని మాట అది. అన్న ట్రక్కు స్టార్ట్ చేసి, హీటర్ గాలి నా చేతుల మీద పడేలా తిప్పాడు.

"ఏడుస్తవా?"

"రావట్లే."

"సరే తీ."

ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాడు. వేడి తగ్గి ఉంది. ఇద్దరం తాగాం. రైతు ఇంటి ముందు ఆగి వెళ్తున్నామని చెప్పి, హైవే ఎక్కాం.

ఆ శనివారం ఒక్కణ్నే బస్సులో షాపుకు వెళ్లి బరువు తగ్గించమన్నాను. షాపతను విల్లు పైబద్ద, కిందిబద్దల బోల్టులు సమంగా తిప్పి, నారిని కొలిచే స్కేలుతో లాగి చూస్తూ అరవైకి తెచ్చాడు. గురి మళ్లీ సరిచేసుకోవాలన్నాడు. లాగి చూస్తే నొప్పి లేదు. నొప్పి లేకపోవడం కూడా ఏమంత తేడాగా అనిపించలేదు.

సీజన్ ముగిసే వారం, అదే పొలంలో, ఆడ జింక పక్కకు తిరిగి నిలబడినప్పుడు నారి ఆలోచించకుండానే వచ్చింది. బాణం ముందుకాలి వెనక దిగింది. అది కొంచెం దూరం పరుగెత్తి పడిపోయింది. అన్న భుజం తట్టాడు. పొట్ట కోయడం ఆయనే నేర్పించాడు. లోపల వేడిగా ఉంది. సంతోషమో, పాపమో ఏదో ఒకటి వస్తుందని చూశాను. చేతులు వెచ్చబడ్డాయి, అంతే. వదిన షరతు సడలించి ఆ మాంసం కారంగా వేయించింది. నేను రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. ఆమె అన్న వైపు చూసింది.

తర్వాత చదువైపోయి, ఉద్యోగం దొరికి టొరంటోలోని స్కార్‌బరోకు మారాను. విల్లును అన్న గ్యారేజీలోనే వదిలేశాను. అక్కడొక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే, కిక్కిరిసిన బస్సులో, ఏ కారణమూ లేకుండా ఏడుపు వచ్చింది. వాడు గుర్తుకు రావడం కూడా ఏడుపు మొదలయ్యాకే. నాది కాని స్టాపులో దిగి, ఒక ఫార్మసీ గోడ పక్కన నిలబడి అది అయిపోయేదాకా ఏడ్చాను. ఎక్కువసేపు పట్టలేదు. ముక్కు చీదుకుని, తర్వాతి బస్సు ఎక్కి ఇంటికి వెళ్లాను.