టీచరుగారి ఐసు గిన్నె

ఇవాళ మా ఆయన విజయవాడ నుంచి సముద్రంలో దొరికే తాజా స్క్విడ్ తెచ్చారు. లోపలి సిరా సంచి తీసేసి, కడిగి, తడి లేకుండా తుడిచి, గట్టి మూత ఉన్న డబ్బాలో సర్దాను. ఆ డబ్బాని ఐసు నింపిన పాత స్టీలు గిన్నెలో పెట్టి ఫ్రిజ్ అడుగు అరలోకి తోస్తుంటే, తిరువూరులోని మా వీధి కళ్ళముందుకొచ్చింది.

వీధి మొత్తానికి ఒకే ఫ్రిజ్ ఉన్న రోజులు మీకూ గుర్తున్నాయా? మా వీధిలో అది ఎదురింటి టీచరుగారిది. ఆవిడ ఇంట్లో గుడ్డు కూడా ముట్టరు. నాన్న సాయంత్రం బస్సులో రొయ్యలు తెచ్చినప్పుడల్లా అమ్మ నన్ను అక్కడికే తరిమేది.

"ఐసు నిమ్మకాయ నీళ్ళకని చెప్పు. రొయ్యలకని తెలిస్తే ఇక ఇవ్వరే!"

ఎండాకాలం ఆ అబద్ధం బాగానే నడిచింది. ఒక చలికాలం సాయంత్రం స్వెట్టర్ వేసుకుని, వణుకుతూ వెళ్ళి అదే చెప్పాను. టీచరుగారు నవ్వాపుకుంటూ ట్రేలో ఉన్న ఐసంతా వాళ్ళింటి ఈ స్టీలు గిన్నెలోకి దులిపారు.

"త్వరగా పట్టుకెళ్ళు తల్లీ, కరిగిపోతుంది. గిన్నె మాత్రం మళ్ళీ మా ఇంటికి తేవద్దు. మీ రొయ్యలకే ఉంచుకోమని అమ్మతో చెప్పు."